మొదటి స్విచ్ వేయకముందు: ఢిల్లీ పరిసరాల్లో విద్యుత్ మోటార్ల పరీక్షా చరిత్ర

పాత ఢిల్లీ ప్రజలు విద్యుత్ మోటారు బలాన్ని రోజూ కళ్లారా చూసింది ట్రాము బళ్లలో. 1905లో జాన్ ఫ్లెమింగ్ అనే ఆంగ్లేయ కంపెనీ, 1903 నాటి విద్యుత్ చట్టం కింద అనుమతి పొంది, లాహోరీ గేటు దగ్గర 2 మెగావాట్ల చిన్న డీజిల్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కంపెనీయే తరువాత ఢిల్లీ ఎలక్ట్రిసిటీ సప్లై అండ్ ట్రాక్షన్ కంపెనీగా మారింది. పేరులోని 'ట్రాక్షన్' అనే మాటకు అర్థం బండిని లాగడం. 1908లో చాందినీ చౌక్, జామా మసీదు పరిసరాల్లో ట్రాములు మొదలయ్యాయి. గుర్రం లేదు, పొగ లేదు, బండి మాత్రం కదిలిపోతోంది.

విద్యార్థులారా! చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి ఘట్టాలను మనం సాధారణంగా ప్రారంభోత్సవం తేదీతో గుర్తు పెట్టుకుంటాం. ఈ పాఠంలో మన దృష్టి ప్రారంభోత్సవానికి ముందు రోజు మీద ఉంటుంది. ఒక యంత్రాన్ని బిగించారు, తీగలు కలిపారు, ఇక స్విచ్ వేయడమే తరువాయి. అలాంటి సమయంలో 'ఆగండి, ముందు పరీక్షించాలి' అనే అలవాటు మనిషికి ఎలా వచ్చింది? దాన్ని చట్టంగా ఎవరు మార్చారు? ఆ అలవాటు తప్పిన చోట ఏం జరిగింది? ఢిల్లీ, ఫరీదాబాద్, బదర్‌పూర్‌ల కథలో ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు దొరుకుతాయి.

మొదటిసారే ఎందుకు ప్రమాదం?

పనిచేస్తున్న మోటారు కంటే ఇంకా ఒక్కసారీ తిరగని మోటారే ఎక్కువ అనుమానించదగ్గది. వినడానికి ఇది విచిత్రంగా ఉంటుంది. నిన్న తిరిగిన మోటారు గురించి మనకు కనీసం ఒక సంగతి తెలుసు, అది నిన్న తిరిగింది. కొత్త మోటారు గురించి ఆ మాత్రమైనా తెలియదు. ఫ్యాక్టరీలో అది పరీక్ష నెగ్గి ఉండవచ్చు. కానీ ఆ తరువాత లారీలో కుదుపులు తింది, గోదాములో వానాకాలం గడిపింది, క్రేను కొక్కానికి వేలాడింది. దాని లోపల ఎలుక కాపురం పెట్టిందో, టెర్మినల్ బాక్సులో ఎవరైనా ఒక నట్టు మరిచిపోయారో బయటికి కనిపించదు.

దానికి తోడు, ప్రేరణ మోటారును నేరుగా సరఫరాకు కలిపినప్పుడు మొదటి క్షణాల్లో అది మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఎద్దు బండిని నిలుచున్న చోటు నుంచి కదిలించడానికి పట్టే బలం, నడుస్తున్న బండిని లాగడానికి పట్టే బలం కంటే ఎక్కువ కదా. బలహీనమైన ఇన్సులేషన్, వదులైన బిగింపు, తప్పుగా అమర్చిన రిలే అన్నీ తమ బండారాన్ని ఆ కొద్ది సెకన్లలోనే బయటపెడతాయి. ఆ సమయానికి మోటారు పక్కనే మనిషి నిలబడి ఉంటాడు.

మోటారు లోపల రాగి తీగ చుట్టలు ఉంటాయి. బయట ఇనుప కవచం ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న గోడ పేరే ఇన్సులేషన్. ట్రాముల కాలంలో ఆ గోడ నూలు, కాగితం, అభ్రకం, వార్నిష్‌లతో కట్టేవారు. ఇప్పుడు పాలిస్టర్ పొరలు, ఎపాక్సీ రెసిన్లు వచ్చాయి. పదార్థం ఏదైనా దానికి శత్రువులు పాతవే: తేమ, వేడి, దుమ్ము, నూనె. గోడకు పగులు వస్తే కరెంటు ఇనుప కవచంలోకి దిగుతుంది. కవచానికి సరైన ఎర్తింగు లేకపోతే, దాన్ని ముట్టుకున్న మనిషే ఎర్తింగు అవుతాడు.

చేతితో తిప్పే పెట్టె

ఆ గోడ బలాన్ని స్విచ్ వేయకుండానే కొలవడం ఎలా? ఇంగ్లండులో సిడ్నీ ఎవర్‌షెడ్ అనే ఇంజనీరు 1889లో ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన కంపెనీ 1903లో 'మెగ్గర్' అనే పేరును వ్యాపార చిహ్నంగా నమోదు చేయించింది. మెగా ఓమ్‌లను, అంటే పది లక్షల ఓమ్‌ల లెక్కలో నిరోధాన్ని కొలుస్తుంది కాబట్టి ఆ పేరు. జిరాక్స్ అన్నది కంపెనీ పేరైనా మనం ప్రతి ఫోటోకాపీనీ జిరాక్స్ అంటున్నట్టే, మన దేశంలో ఎలక్ట్రీషియన్లు ఈ జాతి సాధనాలన్నింటినీ మెగ్గర్ అనే పిలుస్తారు. 'మోటారును మెగ్గర్ చేశావా?' అని క్రియగా కూడా వాడతారు.

పాత మెగ్గర్ ఒక చెక్క లేదా బేకలైట్ పెట్టె. పక్కన ఒక పిడి. పిడిని నిమిషానికి దాదాపు 160 చుట్ల వేగంతో తిప్పితే లోపలి చిన్న జనరేటరు 500 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పుట్టిస్తుంది. ఒక కొసను మోటారు చుట్టకు, మరో కొసను ఇనుప కవచానికి కలుపుతారు. గోడ గట్టిగా ఉంటే ముల్లు అనంతం వైపు పోతుంది, పగిలి ఉంటే సున్నాకు పడిపోతుంది. ఇందులో ఉన్న తెలివి గమనించండి. వోల్టేజీ ఎక్కువే, కానీ ఆ చిన్న జనరేటరు ఇవ్వగల కరెంటు చాలా తక్కువ. ఒక మెగా ఓమ్ నిరోధం మీద 500 వోల్టులు పెడితే పారేది సగం మిల్లీ ఆంపియరు మాత్రమే. లోపం ఉన్న మోటారును తగలబెట్టకుండానే ఆ లోపాన్ని అది బయటపెడుతుంది.

అలాగని మెగ్గర్ తీగలు ఆటవస్తువులు కావు. పరీక్ష జరుగుతున్నంతసేపూ మోటారు చుట్టలు ఒక కెపాసిటరులా ఆవేశాన్ని నిల్వ చేసుకుంటాయి. సాధనం తీసేసిన వెంటనే టెర్మినల్‌ను ముట్టుకుంటే ఆ ఆవేశమంతా చేతిలోకి దిగుతుంది. పెద్ద యంత్రాల్లో అది ప్రాణం తీయగలదు. అందుకే పరీక్షకు ఎంత సమయం పట్టిందో దానికి కనీసం నాలుగు రెట్ల సమయం చుట్టలను ఎర్తుకు కలిపి ఉంచాలన్నది నియమం. పది నిమిషాలు పరీక్షిస్తే నలభై నిమిషాలు. పని తొందరలో ముందుగా కోత పడేది ఈ నలభై నిమిషాలకే.

రెండు రోజుల తేడాతో రెండు సంస్థలు

స్వాతంత్ర్యానికి ఏడు నెలల ముందు ఢిల్లీలో జరిగిన రెండు సంగతులు మన పాఠానికి ముఖ్యం. 1947 జనవరి 4న నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ భవనానికి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. రెండు రోజుల తరువాత, జనవరి 6న, ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పడింది. కొలత ప్రమాణాన్ని కాపాడే ఇల్లు మొదటిది. ఎంత కొలత ఉంటే చాలునో, ఎలా కొలవాలో రాసిపెట్టే ఇల్లు రెండవది. ప్రయోగశాల భవనం 1950 జనవరిలో సర్దార్ పటేల్ చేతుల మీదుగా ప్రారంభమైంది. సర్ కె.ఎస్. కృష్ణన్ దానికి తొలి డైరెక్టరు. రెండవ సంస్థ 1987 ఏప్రిల్ 1 నుంచి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ అయింది. మనం కొనే వస్తువుల మీద కనిపించే ఐ.ఎస్.ఐ. గుర్తు పాత పేరుతోనే మిగిలిపోయింది.

ఈ సంస్థ ప్రచురించిన ప్రమాణాల్లో ఐ.ఎస్. 325 మూడు ఫేజుల ప్రేరణ మోటార్లకు సంబంధించినది. అలాంటి మోటార్లను బిగించే, నిర్వహించే పద్ధతులను ఐ.ఎస్. 900 చెబుతుంది. మొదటిది 1996లోనూ, రెండవది 1992లోనూ సవరించబడ్డాయి. తరువాతి కాలంలో సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ఐ.ఎస్. 12615 ముందుకు వచ్చింది. తయారైన ప్రతి మోటారూ ఫ్యాక్టరీ వదలక ముందు ఎదుర్కొనే కఠిన పరీక్ష ఒకటుంది. దాని వోల్టేజీకి రెండింతలు, దాని పైన మరో వెయ్యి వోల్టులు కలిపి ఒక నిమిషం పాటు చుట్టల మీద పెడతారు. 415 వోల్టుల మోటారుకు ఇది 1,830 వోల్టులు. ఈ పరీక్షను మళ్లీ మళ్లీ చేయకూడదు. చేయక తప్పని పరిస్థితి వస్తే వోల్టేజీని 80 శాతానికి తగ్గించాలి. అతిగా పరీక్షిస్తే పరీక్షే ఇన్సులేషన్‌ను నలగగొడుతుంది.

ప్రమాణాలు సలహా చెబుతాయి, చట్టం ఆజ్ఞాపిస్తుంది. 1910 నాటి భారత విద్యుత్ చట్టం కింద రూపొందిన 1956 నియమావళిలో 48వ నియమం ఈ విషయంలో సూటిగా ఉంది. తక్కువ, మధ్యస్థ వోల్టేజీ బిగింపుల్లో ప్రతి తీగకూ ఎర్తుకూ మధ్య 500 వోల్టుల ఒత్తిడిని ఒక నిమిషం పెట్టినప్పుడు ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. లేకపోతే సరఫరా కలపకూడదు. 61వ నియమం మోటారు కవచాన్ని రెండు వేర్వేరు తీగలతో ఎర్తుకు కలపమంది. ఒకటి తెగినా రెండవది ఉంటుందన్నది ఆలోచన. ఊళ్లల్లో ఒక్క ఎర్తు తీగ కూడా లేని మోటార్లు ఎన్ని ఉన్నాయో మీలో పల్లెల నుంచి వచ్చినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

చలికాలపు 24, ఎండాకాలపు 6

ఒక మెగా ఓమ్ అన్నది పాస్ మార్కు. 35 మార్కులు వచ్చినవాడూ పాసైనట్టే. అంతమాత్రాన అతనికి లెక్కలు వచ్చినట్టు కాదు. అనుభవజ్ఞులైన ఇంజనీర్లు చాలాకాలం మరో లెక్క వాడేవారు. మోటారు వోల్టేజీని కిలోవోల్టుల్లో తీసుకుని ఒకటి కలిపితే, కనీసం అన్ని మెగా ఓమ్‌లు ఉండాలి. ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు వెయ్యి వోల్టుల లోపు సాధారణ మోటార్లకు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 మెగా ఓమ్‌లు అడుగుతున్నాయి.

'40 డిగ్రీల దగ్గర' అన్న మాటను దాటిపోకండి. ఢిల్లీలో అది చాలా ముఖ్యం. చుట్టల ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఇన్సులేషన్ నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది. జనవరి ఉదయం, చుట్టలు 10 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఒక మోటారును మెగ్గర్ చేశాం అనుకోండి. 24 మెగా ఓమ్‌లు వచ్చింది. అందరూ సంతోషించారు. దీన్ని 40 డిగ్రీలకు మార్చి చూద్దాం. 20 డిగ్రీల దగ్గర 12, 30 దగ్గర 6, 40 దగ్గర 3. అంటే కావలసిన 5 కంటే తక్కువ. అదే మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీల దగ్గర మరో మోటారుకు 6 మెగా ఓమ్‌లు వస్తే అది నెగ్గినట్టే. చలికాలపు 24 కంటే ఎండాకాలపు 6 మెరుగైనది! ఉష్ణోగ్రత రాయకుండా కేవలం మెగా ఓమ్‌లు రాసిన పరీక్షా పత్రం, ఊరి పేరు లేని ఉత్తరం లాంటిది.

ఢిల్లీ చలికి ఇంకో మాయ కూడా ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో దట్టమైన పొగమంచు పడుతుంది. రాత్రంతా చల్లబడిన ఇనుప కవచం మీద, ఫ్రిజ్ లోంచి తీసిన సీసా మీద లాగే నీటి చెమ్మ పడుతుంది. లోపలి చుట్టల మీదా పడుతుంది. ఆగి ఉన్న పెద్ద మోటార్ల లోపల చిన్న హీటర్లు వెలిగించి ఉంచడం అందుకే. మరి ఎండాకాలంలో వచ్చే లూ గాలి తేమ తేదు గానీ దుమ్ము తెస్తుంది. సాధారణ మోటార్లను తయారుచేసేది చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీలు దాటదనే లెక్కతో. ఢిల్లీ ఎండలు 45 దాటిన రోజులు అరుదు కావు. రేకుల షెడ్డు కింద సంగతి చెప్పనే అక్కరలేదు. అలాంటి చోట మోటారును దాని పూర్తి శక్తి వరకూ వాడకూడదు, లేదా పెద్ద మోటారు వేసుకోవాలి.

తేమను ఉష్ణోగ్రత నుంచి విడదీసి చూసే ఒక చక్కటి ఉపాయం ఉంది. మెగ్గర్ వోల్టేజీని పది నిమిషాలు అలాగే ఉంచి, పదవ నిమిషం కొలతను మొదటి నిమిషం కొలతతో భాగిస్తారు. పొడి ఇన్సులేషన్‌లో నిరోధం క్రమంగా పెరుగుతూ పోతుంది. తడి ఇన్సులేషన్‌లో పెరగదు. మొదటి నిమిషంలో 40, పదవ నిమిషంలో 100 వస్తే నిష్పత్తి 2.5. ఆధునిక ఇన్సులేషన్ ఉన్న పెద్ద మోటార్లకు ఇది 2కు తగ్గకూడదంటారు. దీన్ని ధ్రువణ సూచిక అంటారు. రెండు కొలతలూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర తీసినవి కాబట్టి భాగహారంలో ఉష్ణోగ్రత ప్రభావం చాలావరకు రద్దవుతుంది. లెక్కల్లో మీరు చేసే కొట్టివేతకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు.

ఫరీదాబాద్: పెట్టెల్లో వచ్చిన విద్యుత్తు

దేశ విభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి వచ్చిన వేలాది కాందిశీకుల కోసం 1949లో ఢిల్లీకి దక్షిణాన ఫరీదాబాద్ పట్టణ నిర్మాణం మొదలైంది. ఫరీదాబాద్ అభివృద్ధి బోర్డుకు డాక్టర్ రాజేంద్రప్రసాద్ అధ్యక్షులు. నెహ్రూ స్వయంగా బోర్డు సమావేశాలకు హాజరయ్యేవారు. ఇళ్లు కట్టినవారు కూడా ఆ కాందిశీకులే. కమలాదేవి చటోపాధ్యాయ నాయకత్వంలోని ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ వారిని సహకార సంఘాలుగా కూర్చింది. తరువాతి కాలంలో ప్రణాళికా సంఘ సభ్యుడైన ఎల్.సి. జైన్ అప్పుడు యువకుడు, అక్కడే పనిచేశారు. ఆ కథను ఆయన 1998లో పుస్తకంగా రాశారు.

పట్టణానికి పరిశ్రమలు కావాలి, పరిశ్రమలకు విద్యుత్తు కావాలి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీ నుంచి యుద్ధ పరిహారంగా మన దేశానికి వచ్చిన ఒక డీజిల్ విద్యుత్ కేంద్రం వాడకం లేకుండా పడి ఉంది. దాన్ని ఫరీదాబాద్‌కు తెచ్చి నిలబెట్టారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన యువకులు ఆ పనిలో చెమటోడ్చారు.

మన పాఠానికి ఇది ఎందుకు కావాలి? ఒక దేశంలో విప్పి, ఓడలో తెచ్చి, పెట్టెల్లో ఉంచి, మరో దేశంలో మళ్లీ బిగించిన ఏ విద్యుత్ యంత్రమైనా, జనరేటరు కానివ్వండి, మోటారు కానివ్వండి, ఎదుర్కొనే సమస్య ఒక్కటే. సముద్రపు గాలి తేమను దాని చుట్టలు పీల్చుకుని ఉంటాయి. అలాంటి యంత్రాన్ని నేరుగా ఆడించకూడదు, ముందు ఆరబెట్టాలి. చుట్టూ గుడారం కట్టి హీటర్లు పెట్టడమో, చుట్టల్లో తక్కువ వోల్టేజీతో కరెంటు పారించి లోపలి నుంచే వెచ్చబరచడమో చేస్తారు. ఆ రోజుల్లో బల్బులు వెలిగించి లోపల ఉంచడం కూడా మామూలే.

ఆరబెట్టేటప్పుడు గంట గంటకూ మెగ్గర్ కొలత తీసి గ్రాఫు గీస్తారు. ఆ గ్రాఫు కొత్తవారిని భయపెడుతుంది. వేడి చేయడం మొదలుపెట్టగానే నిరోధం పెరగాల్సింది పోయి పడిపోతుంది! కారణం మనం ఇందాక చెప్పుకున్నదే. ఉష్ణోగ్రత పెరిగితే నిరోధం తగ్గుతుంది, పైగా లోపలి తేమ కదిలి బయటికి రావడం మొదలుపెడుతుంది. కొంతసేపు గ్రాఫు కింద అలాగే నిలిచిపోతుంది. తరువాత, ఉష్ణోగ్రత మారకపోయినా, నెమ్మదిగా పైకి లేస్తుంది. అలా లేచి స్థిరపడే వరకు ఆగాలి. ఒక్కోసారి రోజులు పడుతుంది. ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ ఖరారైన చోట ఈ ఓపిక ఎంత కష్టమో ఊహించుకోండి.

స్విచ్ దాకా నడిచే దారి

1950ల నుంచి ఓఖ్లా, ఆ తరువాత నారాయణా, వజీర్‌పూర్, మాయాపురి, 1976లో ఏర్పడిన నోయిడా... పారిశ్రామిక వాడలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చాందినీ చౌక్‌లో ఒకప్పటి బేగం సమ్రూ భవనం భగీరథ్ ప్యాలెస్‌గా మారి విద్యుత్ సామాగ్రికి పెద్ద బజారైంది. చిన్న కార్ఖానాల్లో కొత్త మోటార్లతో పాటు తిరిగి వైండింగు చేసినవీ, చేతులు మారినవీ చేరాయి. అలాంటి చోట మొదటి పరీక్ష కళ్లతోనే. నేమ్ ప్లేటు మీద వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, కిలోవాట్లు, కరెంటు, స్టార్ కనెక్షనా డెల్టా కనెక్షనా అన్నది చదవాలి. డెల్టాలో తిరగాల్సిన మోటారును స్టార్‌లో కలిపితే అది మూలుగుతూ బరువు లాగలేక వేడెక్కుతుంది. స్టార్‌లో తిరగాల్సినదాన్ని డెల్టాలో కలిపితే చుట్టల మీద 1.73 రెట్ల వోల్టేజీ పడి కాలిపోతుంది. తిరిగి వైండింగు చేసిన మోటారు నేమ్ ప్లేటును పూర్తిగా నమ్మకూడదు కూడా.

మోటారును ముట్టుకునే ముందు సరఫరా ఆపి, స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉంచుకోవాలి. తీగలో కరెంటు లేదని నిర్ధారించడానికి పద్ధతి ఉంది. ముందు టెస్టరును కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూడాలి, తరువాత మోటారు దగ్గర చూడాలి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడాలి. టెస్టరే చచ్చిపోయి ఉంటే, బతికి ఉన్న తీగ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది మరి. ఈ పనులు లైసెన్సు ఉన్నవారి పర్యవేక్షణలోనే జరగాలి. మీరు ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో చదువుతున్నా సరే, ఒంటరిగా చేయవద్దు.

ఆ తరువాత షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి. బేరింగు గరగరలాడితే చేతికే తెలుస్తుంది. మూడు చుట్టల నిరోధాలు ఒకదానికొకటి సమానంగా ఉన్నాయా, మెగ్గర్ ఏమంటోంది, రెండు ఎర్తు తీగలూ బిగుతుగా ఉన్నాయా, ఓవర్‌లోడ్ రిలేను నేమ్ ప్లేటు కరెంటుకు అమర్చారా అన్నది చూస్తారు. షాఫ్టుకూ పంపుకూ మధ్య ఉన్న కప్లింగును ఇంకా కలపరు. ఒక్క క్షణం స్విచ్ వేసి తీసేసి, మోటారు ఏ దిక్కుకు తిరిగిందో చూస్తారు. పంపు వెనక్కి తిరిగితే నీళ్లు సరిగా రావు, కొన్ని పంపుల్లో మరలు ఊడిపోతాయి. దిక్కు మార్చాలంటే మూడు ఫేజుల్లో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే చాలు. మన రైతులకు ఇది ఇంజనీర్లకంటే బాగా తెలుసు. ట్రాన్స్‌ఫార్మరు మార్చిన మర్నాడు బోరు నీళ్లు సన్నగా వస్తే, 'ఫేజు తిరగబడింది' అని వెంటనే పట్టేస్తారు.

కప్లింగు, బెల్టు కలిపాక వాటి మీద రక్షణ కవచం బిగించాలి. ఇది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ కోరిన పని. చున్నీ, పంచె, వదులు చొక్కా షాఫ్టుకు చుట్టుకుని పోయిన ప్రాణాలు కరెంటు షాకుతో పోయినవాటికి తోడవుతున్నాయి.

1997 జూన్ 13

ఇక్కడ మోటారు నుంచి కొంచెం పక్కకు జరిగి ఒక ట్రాన్స్‌ఫార్మరు గురించి చెప్పాలి. దక్షిణ ఢిల్లీ గ్రీన్ పార్కులోని ఉపహార్ సినిమా హాలు కింది అంతస్తులో, కార్లు నిలిపే చోటు పక్కన, ఢిల్లీ విద్యుత్ బోర్డు వారి వెయ్యి కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. ఆ రోజు ఉదయం ఏడు గంటల ముందు దానిలో మంట లేచింది, ఆర్పేశారు. పది, పదకొండు గంటల మధ్య బోర్డు సిబ్బంది వచ్చి కాలిపోయిన కేబులు సాకెట్లను మార్చారు. కేబులు కొసకు సాకెట్‌ను గట్టిగా నొక్కి బిగించడానికి క్రింపింగ్ యంత్రం వాడాలి. వారు డై, సుత్తితో సరిపెట్టారు. పదకొండున్నర ప్రాంతంలో సరఫరా తిరిగి కలిపారు.

వదులుగా ఉన్న బిగింపు దగ్గర నిరోధం ఎక్కువ. నిరోధం ఉన్న చోట కరెంటు వర్గానికి అనుపాతంలో వేడి పుడుతుంది. వేడికి బిగింపు ఇంకా వదులవుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. మధ్యాహ్నమంతా అది అలా నడిచింది. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో ఒక ఫేజు కేబులు ఊడి రేడియేటరు రెక్క మీద పడింది, రంధ్రం చేసింది. నూనె కారి అంటుకుంది, పక్కనున్న కార్లు అంటుకున్నాయి, పొగ మెట్ల దారిన పైకి ఎక్కింది. పైన మ్యాటినీ ఆట నడుస్తోంది. బాల్కనీలో బయటికి వెళ్లే దారులు సరిగా లేకపోవడం మరణాలను పెంచింది. 59 మంది ఊపిరాడక చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. 2007 నవంబరు 20న కోర్టు 12 మందిని దోషులుగా తేల్చింది. వారిలో హాలు యజమానులూ ఉన్నారు, విద్యుత్ బోర్డు ఉద్యోగులూ ఉన్నారు.

మరమ్మతు తరువాత వేసే మొదటి స్విచ్ కూడా 'మొదటి స్విచ్చే' అని నేను అనడానికి ఉపహార్ కారణం. ఆ సిబ్బంది సరఫరా కలిపాక ఒక గంట అక్కడే ఉండి, బిగింపు వేడిని చూసి ఉంటే? ఇది చరిత్ర విద్యార్థి అడగదగిన ప్రశ్న. మోటారు టెర్మినల్ బాక్సులోనూ ఇదే భౌతికశాస్త్రం పనిచేస్తుంది. ఒక బోల్టు వదులైతే ఆ ఫేజు ఊడిపోతుంది, మిగిలిన రెండు ఫేజుల మీద మోటారు భారమంతా పడి చుట్టలు కాలిపోతాయి. అందుకే కొత్తగా నడిపిన మోటారును మొదటి గంటల్లో వదిలి వెళ్లరు. మూడు ఫేజుల కరెంటునూ, బేరింగు వేడినీ, టెర్మినల్ వేడినీ విడివిడిగా కొలిచి పుస్తకంలో రాస్తారు.

బదర్‌పూర్ నుంచి మెట్రో దాకా

1960లలో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కె.ఎల్. రావు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ వ్యవహారాలు చూసిన కాలంలో ఢిల్లీకి విద్యుత్ కొరత పెద్ద సమస్యగా ఉండేది. 1973లో మొదటి యూనిట్ నడిచిన బదర్‌పూర్ థర్మల్ కేంద్రం తరువాత 705 మెగావాట్లకు పెరిగింది. అలాంటి కేంద్రంలో విద్యుత్తును పుట్టించేది జనరేటరైనా, బాయిలరుకు నీరు తోసే పంపులనూ, గాలి ఊదే ఫ్యాన్లనూ తిప్పేవి మోటార్లే. పెద్దవి 6.6 కిలోవోల్టుల మీద నడుస్తాయి. వాటిని మెగ్గర్ చేయడానికి 500 వోల్టులు చాలవు, ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ధ్రువణ సూచిక తీయకుండా వాటిని ఎవరూ ఆడించరు. కాలుష్యం కారణంగా ఆ కేంద్రం 2018 అక్టోబరు 15న శాశ్వతంగా మూతపడింది.

పాత ట్రాములు 1963లో ఆగిపోయాయి. 39 ఏళ్ల తరువాత, 2002 డిసెంబరు 24న, షాదరా, తీస్ హజారీల మధ్య మెట్రో రైలు ప్రారంభమైంది. నగరానికి మళ్లీ విద్యుత్ మోటారు బండి వచ్చింది. ట్రాముది ఏకముఖ విద్యుత్ మోటారు. మెట్రోది మూడు ఫేజుల ప్రేరణ మోటారు. పైతీగలోని 25 కిలోవోల్టుల విద్యుత్తును బండిలోని పరికరాలు మార్చి, ఇన్వర్టరు ద్వారా మోటారుకు ఇస్తాయి. వేగం పెంచాలంటే ఫ్రీక్వెన్సీని పెంచుతాయి, బ్రేకు వేస్తే అదే మోటారు జనరేటరై విద్యుత్తును తిరిగి ఇస్తుంది. ప్రయాణికులను ఎక్కించే ముందు ఏ మార్గానికైనా రైల్వే భద్రతా కమిషనరు తనిఖీ చేసి అనుమతి ఇవ్వాలి.

ఇన్వర్టర్లు ఇప్పుడు మామూలు కార్ఖానాలకూ వచ్చేశాయి. వాటితో ఎవర్‌షెడ్ కాలంలో లేని ఒక కొత్త జాగ్రత్త అవసరమైంది. ఇన్వర్టరు కలిపి ఉండగా మోటారును మెగ్గర్ చేస్తే, 500 వోల్టులు లోపలి ఎలక్ట్రానిక్ పరికరాల మీద పడి వాటిని చంపేస్తాయి. తీగలు విప్పి, మోటారును ఒంటరిగా నిలబెట్టి కొలవాలి. ఇన్వర్టరు లోపలి కెపాసిటర్లు సరఫరా ఆపిన తరువాత కూడా నిమిషాల తరబడి ఆవేశాన్ని నిలుపుకుంటాయి కాబట్టి తయారీదారు చెప్పినంతసేపు ఆగి గానీ మూత తెరవకూడదు. 1956 నియమావళి స్థానంలో, 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, 2023లో వాటిని మళ్లీ రాసింది. పేజీలు మారాయి, సంఖ్యలు మారాయి. సరఫరా కలపక ముందు ఇన్సులేషన్ కొలవాలన్న షరతు మాత్రం వాటిలోనూ ఉంది.